పత్తి చేలో అలసందలు

ఈమధ్య కొత్తగా వ్యవసాయాధికారులుగా చేరిన పిల్లలు నలుగురు మా ఇంటికి వచ్చారు. "ఇన్నేళ్ళు చేశారు కదా సార్, మాకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. టీ తాగినంతసేపూ వానల గురించీ విత్తనాల గురించీ ఏవేవో చెప్పి పంపించాను. వాళ్ళు గేటు దాటాక, చెప్పాల్సింది మాత్రం చెప్పలేదని అర్థమైంది. ఎదురుగా కూర్చున్న పిల్లల ముఖాలు చూస్తూ చెప్పగలిగేది కాదు అది. అందుకే రాస్తున్నాను.

నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఏయే ఊళ్ళు తిరిగాను అన్నవి రాయను. వాటితో ఎవరికీ పని లేదు. నా కింద పనిచేసిన ఒకమ్మాయి మీద నాకు పుట్టిన అసూయ గురించి రాస్తాను. ఈ వృత్తి గురించి నాకు తెలిసిందంతా ఆ అసూయ వల్ల చేసిన తప్పులోంచి తెలిసిందే.

బియ్యం ఊరివాణ్ణి

నా పేరు మస్తాన్ వలి. మాది పొన్నూరు. మా నాన్న బియ్యం వ్యాపారం చేసేవారు. ఒక గింజ పంటి కింద పెట్టుకుని అది పాత బియ్యమో కొత్తదో, ఏ వైపు చేలో పండిందో చెప్పేవారు. మా ఇంట్లో తిండి అంటే వరి అన్నమే. జొన్నలంటే పశువులకి వేసేవనీ, గతిలేనివాళ్ళు తినేవనీ అనుకుంటూ పెరిగాను. వ్యవసాయ కాలేజీలో నాలుగేళ్ళు చదివినా ఆ అభిప్రాయం మారలేదు.

తొంభైల చివర్లో వినుకొండకి ఎగువన ఉన్న ఒక మెట్ట మండలానికి నన్ను వ్యవసాయాధికారిగా వేశారు. అంతా నల్లరేగడి. బస్సులో కూర్చుంటే రోడ్డుకి రెండు పక్కలా పత్తి, పత్తి అయిపోతే మిర్చి, మిర్చి దాటితే మళ్ళీ పత్తి. నేను చేరిన నెలలోనే, రేషన్ షాపు ముందు క్యూలో పదెకరాల రైతు సంచీ పట్టుకుని నిలబడి ఉండటం చూశాను. పదెకరాల ఆసామి ఇంట్లో గింజలు ఎందుకు లేవు అన్న ప్రశ్న నాకు రాలేదు. చదువుకున్నవాడికి రావాల్సిన మొదటి ప్రశ్న అదే.

అక్కడ నా పనంతా పురుగుతోనే. రైతులు పొద్దున్నే పుచ్చిన కాయలు, ముడుచుకున్న ఆకులు పట్టుకుని ఆఫీసుకి వచ్చేవాళ్ళు. నేను చూసి, ఏ మందు ఎంత కలిపి కొట్టాలో చీటీ రాసిచ్చేవాణ్ణి. "మస్తాన్ సారు చీటీ రాస్తే పురుగు చచ్చినట్టే" అని పేరు వచ్చింది. ఆ పేరంటే నాకు చాలా ఇష్టం. ఏడాది తిరిగేసరికి అదే మందుకి అదే పురుగు చావడం మానేసింది. రైతులు రెండు మందులు కలిపి కొట్టడం మొదలుపెట్టారు. నేనూ చీటీలో రెండు రాయడం మొదలుపెట్టాను.

నాగమణి

అప్పుడు వచ్చింది నాగమణి. పొదిలి దగ్గర మెట్ట రైతు కూతురు. విస్తరణ అధికారిగా నా కింద వేశారు. అంటే ఊళ్ళలో తిరిగి రైతులకి చెప్పాల్సిన మనిషి. ఇరవై ఏడో ఎనిమిదో ఉంటాయి. ఒక పాత మోపెడ్ మీద తిరిగేది. తెల్లవారేసరికే చేలో ఉండేది. మొక్కమొక్కకీ వంగి ఆకు తిరగేసి, పురుగులు లెక్కపెట్టేది. పక్కన రైతునీ, రైతు భార్యనీ నిలబెట్టి వాళ్ళచేత కూడా లెక్కపెట్టించేది.

ఆవిడ ఏ ఇంటికి వెళ్ళినా మొదట అడిగే మాట ఒకటే.

"ఈ ఏడు తినడానికి ఏం వేశారు?"

"పత్తి వేశాం కదమ్మా" అని నవ్వేవాళ్ళు.

"పత్తి ఎట్లా తింటారు?"

"అమ్ముకుని కొనుక్కుంటాం."

"అది పురుగు తినేస్తే?"

అక్కడ నవ్వు ఆగిపోయేది.

మండలంలో యల్లమంద అని మూడెకరాల రైతు ఉండేవాడు. భార్య పేరు సీతారావమ్మ. ముసలి తల్లి, ఎనిమిదేళ్ళ కూతురు. నాగమణి వాళ్ళ పత్తి చేనుని ప్రదర్శన క్షేత్రంగా తీసుకుంది. అంటే చుట్టుపక్కల రైతులు వచ్చి చూసి నేర్చుకోవడానికి. చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న వేయించింది. పత్తిలో అక్కడక్కడా ఒక సాలు కంది. జొన్నకి లోపలి వైపు వరసగా అలసంద.

నేను మొదటిసారి చూసినప్పుడు, "ఇది పత్తి చేనా, కూరగాయల పెరడా?" అన్నాను.

"రెండూ సార్" అంది. "అలసంద మీద రసం పీల్చే పేను చేరుతుంది. దాన్ని తినడానికి అక్షింతల పురుగులు వస్తాయి. అవే పత్తిలోకీ వెళ్ళి అక్కడి పేనునీ తింటాయి. జొన్న గోడలాగా ఉండి పక్క చేలోంచి వచ్చే తెల్లదోమని ఆపుతుంది. ఇక కాయలు సీతారావమ్మ కూరకి, జొన్నలు సంగటికి."

ఇదంతా నేను కాలేజీలో చదివిందే. చదివి, పరీక్ష రాసి, మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. చేసి చూపించింది ఆవిడ. నా కడుపుమంట అక్కడ మొదలైంది.

నేను ఊళ్ళోకి వెళ్తే రైతులు కుర్చీ వేసేవాళ్ళు, టీ తెప్పించేవాళ్ళు. కాస్సేపయ్యాక, "నాగమణి గారు రాలేదా సార్?" అని అడిగేవాళ్ళు. ఆఫీసుకి కాయలు పట్టుకొచ్చినవాళ్ళు నా బల్ల ముందు నిలబడి, ఆవిడ కుర్చీ ఖాళీగా ఉందా అని పక్కకి చూసేవాళ్ళు. ఒకరోజు సీతారావమ్మ కొంగులో కట్టుకుని అలసంద కాయలు తెచ్చింది. నా ఎదురుగానే నడుచుకుంటూ వెళ్ళి నాగమణి బల్ల మీద పోసింది. పావుకిలో కాయలు. వాటిమీద నాకు ఆశ ఉంటుందని ఎవరైనా అనుకుంటారా? కానీ ఆ రోజు ఇంటికి వెళ్ళి మా ఆవిడ మీద విసుక్కున్నాను.

గుంటూరు సదస్సు

మా పై అధికారి రంగారావు గారని ఉండేవారు. మంచి మనిషి, నోరు మాత్రం కటువు. ఒకసారి మమ్మల్నందరినీ గుంటూరులో ఒక సదస్సుకి తీసుకెళ్ళారు. ప్రపంచ జనాభా పెరుగుతోంది, రాబోయే రోజుల్లో ఇంతమందికి తిండి ఎలా అన్నది విషయం. ఎక్కడినుంచో వచ్చిన పెద్దాయన తెర మీద గీతలు చూపిస్తూ గంటసేపు మాట్లాడారు. ఎకరానికి దిగుబడి పెంచాలి, ఇంకా పెంచాలి అన్నది సారాంశం. నేను శ్రద్ధగా రాసుకున్నాను.

చివర్లో ఎవరికైనా సందేహాలున్నాయా అన్నారు. వెనక వరసలోంచి నాగమణి లేచింది.

"సార్, మా మండలంలో రైతులు పంట బాగానే పండిస్తున్నారు. కానీ వాళ్ళు పండించేది తినేది కాదు. వాళ్ళే రేషన్ షాపు దగ్గర నిలబడుతున్నారు. ప్రపంచానికి తిండి పెట్టే ఈ లెక్కలో పండించేవాడి వంటిల్లు ఎక్కడుంది సార్?"

 ఆ పెద్దాయన చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టి, "దీనికి నా దగ్గర సమాధానం లేదమ్మా. నేను ఆలోచించాల్సిన ప్రశ్న ఇది" అన్నారు.

భోజనాల దగ్గర రంగారావు గారు ప్లేటు పట్టుకుని నా పక్కకి వచ్చారు. "మస్తాన్, ఆ అమ్మాయి నీకన్నా ముందుందయ్యా. చూసి నేర్చుకో" అన్నారు. ఆయన సరదాకే అని ఉండొచ్చు. నేను మాత్రం సగం తిన్న పులిహోర ప్లేటు బల్ల మీద పెట్టేసి బయటికి వచ్చేశాను. తిరుగు బస్సులో ఆవిడ నా ముందు సీట్లో కూర్చుని నోట్సు రాసుకుంటోంది. వినుకొండ వచ్చేదాకా ఆ జడవైపు చూస్తూ, ఈ అమ్మాయి ఒక్కసారి, ఒకే ఒక్కసారి తప్పు చేస్తే బాగుండు అనుకున్నాను.

ఇంట్లో మా ఆవిడ నూర్జహాన్ నా ముఖం చూసి విషయం లాగింది. అంతా విని, "ఆ అమ్మాయికి పేరొస్తే మీదేం తగ్గింది?" అంది. ఏమీ తగ్గలేదని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన కుళ్ళు పోదు.

యల్లమంద చేను

ఆ పంటకాలంలోనే నాగమణి పది రోజులు సెలవు పెట్టింది. వాళ్ళమ్మకి కంటి ఆపరేషను. వెళ్ళే ముందు నా దగ్గరికి వచ్చి చెప్పింది.

"యల్లమంద చేలో శనగపచ్చ పురుగు పడింది సార్. వైరస్ ద్రావణం కొట్టించాను. వారం రోజులు పడుతుంది. ఈలోగా ఆయన కంగారుపడి మీ దగ్గరికొస్తే కాస్త ఓపిక పట్టమనండి."

వైరస్ ద్రావణం అంటే పురుగుకి జబ్బు తెప్పించేది. మనిషికి గానీ, అక్షింతల పురుగులకి గానీ ఏమీ కాదు. కానీ నిదానంగా పనిచేస్తుంది. మందు కొట్టిన గంటకి పురుగులు రాలడం చూసి అలవాటైన రైతుకి ఆ వారం రోజులూ నరకం.

ఐదో రోజు యల్లమంద వచ్చాడు. "నాకు భయంగా ఉంది సార్. పక్క చేలవాళ్ళు, ఏరా, పురుగుల్ని పెంచుతున్నావా అని నవ్వుతున్నారు" అన్నాడు. కుర్చీలోంచే ఓపిక పట్టమని చెప్పి పంపిస్తే సరిపోయేది. నేను లేచి ఆయనతో చేలోకి వెళ్ళాను. ఆవిడ ఓడిపోవడం కళ్ళతో చూడాలని వెళ్ళాను.

చేలోకి దిగి నాలుగు సాళ్ళు నడిచేసరికి కనిపించాయి. పై ఆకుల చివర్ల నుంచి పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. ఒళ్ళు మెత్తబడి, రంగు మారి, ముట్టుకుంటే నీరు కారేలా ఉన్నాయి. జబ్బు పట్టిన పురుగు అలాగే చస్తుంది. ఇంకో రెండు మూడు రోజులు ఆగితే చేను శుభ్రపడుతుంది. ఆవిడ గెలిచింది.

యల్లమంద వేలితో ఒకదాన్ని చూపించి, "ఇవి ఇట్లా వేలాడుతున్నాయేంటి సార్?" అన్నాడు.

"ఎండకి" అన్నాను.

అంటూనే జేబులోంచి పుస్తకం తీసి చీటీ రాశాను. రెండు మందులు, రెండూ ఘాటువే. "ఇవాళే కొట్టెయ్. ఆలస్యం చేస్తే కాయ మిగలదు" అన్నాను. ఆయన చీటీ పట్టుకుని కొట్టుకి వెళ్ళాడు. నేను ఆఫీసుకి వచ్చి మామూలుగా పనిచేసుకున్నాను. ఇది రాయడం నాకు కష్టంగా ఉంది, కానీ ఆ సాయంత్రం నేను సంతోషంగానే ఉన్నాను.

పత్తి ఎవరూ తినరు

ఒక్క విషయం పిల్లలు గుర్తుపెట్టుకోవాలి. తినే పంట మీద మందు కొట్టమని రాసేటప్పుడు, ఎన్ని రోజులు ఆగి కోయాలో చెప్పడం మన పని. కాలేజీలో మొదట నేర్పేది అదే. కానీ నేను ఏళ్ళ తరబడి పత్తికే చీటీలు రాశాను. పత్తి ఎవరూ తినరు కాబట్టి ఆ మాట చెప్పే అలవాటే పోయింది. ఆ చేలో అలసంద ఉందన్న సంగతి నాకు తెలుసు. ఆవిడ చేయించిన పని కదా, కళ్ళు కుట్టేలా చూశాను. అయినా చీటీ రాసేటప్పుడు అది తిండి అని నాకు తట్టలేదు.

యల్లమంద మధ్యాహ్నమంతా మందు కొట్టి, తలనొప్పితో ఇంటికి వచ్చి పడుకున్నాడు. సీతారావమ్మ ఆ రోజంతా వేరేవాళ్ళ మిర్చి చేలో కలుపుకి పోయింది. చేలో మందు పడిందని ఆమెకి తెలియదు. మర్నాడు పొద్దున్నే ఎప్పటిలాగే వెళ్ళి అలసందలు కోసుకొచ్చి కూర వండింది. అత్తకీ కూతురికీ పెట్టి, తన క్యారియరు కట్టుకుని కూలికి వెళ్ళింది. యల్లమంద తల తిరుగుతోందని ఏమీ తినలేదు.

గంట తిరక్కుండా ముసలామెకీ పిల్లకీ వాంతులు. పిల్ల నోటి వెంట నురగ. వీధివాళ్ళు ట్రాక్టరులో వేసుకుని వినుకొండ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సీతారావమ్మ చేలోంచి పరుగెత్తుకొచ్చింది. ఆమె క్యారియరు ఇంకా విప్పలేదు.

కబురు తెలిసి నేను వెళ్ళేసరికి డాక్టరు గారు యల్లమందని ఏ మందు, ఏ మందు అని అడుగుతున్నారు. అతనికి ఆ పేర్లు గుర్తుకి రావడం లేదు. నేను చెప్పాను. నాకు తెలుసు కదా, రాసింది నేనే. పిల్ల మంచం పక్కన నిలబడ్డాను. కనుపాపలు సూదిమొనంత అయిపోయాయి. రెండు రోజులు అట్లాగే గడిచాయి. మూడో రోజు పిల్ల మంచినీళ్ళు అడిగింది. ముసలామె లేవడానికి ఇంకో వారం పట్టింది. ఇద్దరూ బతికారు. బతక్కపోతే ఈ మాటలు రాసే అర్హత కూడా నాకు ఉండేది కాదు.

రెండో రోజే నాగమణి పొదిలి నుంచి బస్సులో నేరుగా ఆసుపత్రికి వచ్చింది. దారిలో దిగి చేను చూసొచ్చిందని తర్వాత తెలిసింది. పిల్లని చూసి, సీతారావమ్మ పక్కన చాలాసేపు కూర్చుని, వరండాలో ఉన్న నా దగ్గరికి వచ్చింది.

"సార్, మందు రాసే ముందు చేలోకి వెళ్ళారా?"

"వెళ్ళాను."

"ఆకుల మీద వేలాడుతున్న పురుగులు కనిపించాయా?"

"లేదు" అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

విచారణ

పై నుంచి విచారణకి వచ్చారు. రంగారావు గారూ ఉన్నారు. చీటీ నాదే అని అందరికీ తెలుసు. అందుకని అడిగిన ప్రశ్న, పురుగు అంత ఉధృతంగా ఉందా అని.

"ఉంది సార్. వేరే దారి లేదు" అన్నాను.

యల్లమందని అడిగారు. "కోసుకు తినొద్దని సారు చెప్పారా?"

అతను నావైపు చూశాడు. "చెప్పే ఉంటారండి. నేనే కంగారులో మర్చిపోయి ఉంటాను" అన్నాడు.

బిడ్డ ఆసుపత్రిలో ఉన్న మనిషి నాకోసం అబద్ధమాడాడు. ఎందుకంటే రేపు మళ్ళీ విత్తనానికీ, నష్టపరిహారం కాగితానికీ నా దగ్గరికే రావాలి. ఈ ఉద్యోగంలో కుర్చీకి ఉన్న బలం అది. దాన్ని చూసి భయపడాలి. నేను ఊపిరి పీల్చుకున్నాను.

చివరికి, పత్తి చేలో తినే పంట పెట్టించడమే తప్పని తేల్చారు. నాగమణిని డెల్టా వైపు వరి మండలానికి బదిలీ చేశారు. ఆ రోజు రంగారావు గారు కారెక్కుతూ, "నేను ఆ రోజు నిన్ను ఆ అమ్మాయితో పోల్చకుండా ఉండాల్సిందయ్యా" అన్నారు. ఆయనకి సగం అర్థమైందనుకుంటాను.

ఆవిడ బల్ల ఖాళీ అయింది. మొదటి వారం నాకు హాయిగా ఉంది. యల్లమంద చేలో మాత్రం అక్షింతల పురుగులు, సాలీళ్ళు అన్నీ చచ్చిపోయి, తెల్లదోమ విరుచుకుపడింది. ఆకులు జిగటపట్టి నల్లబడ్డాయి. పక్క చేలకన్నా ముందు ఆ చేనే పోయింది. రైతులు మాత్రం అడగడం మానలేదు. "నాగమణి గారు మళ్ళీ వస్తారా సార్?" మనిషి ఎదురుగా ఉన్నప్పుడు పడే అసూయకి కాస్త విశ్రాంతి ఉంటుంది. ఆవిడ సాయంత్రం మోపెడ్ ఎక్కి వెళ్ళిపోతుంది కదా. లేని మనిషి మీద అసూయకి సాయంత్రం ఉండదు.

వానలు ముఖం చాటేసిన ఏడు

కొన్నేళ్ళకి మెట్ట అంతా ఎండిపోయింది. పత్తి మోకాలెత్తు కూడా లేవలేదు. మిర్చి నారు నారుమడిలోనే మాడిపోయింది. నష్టం రాసుకోవడానికి ఇల్లిల్లూ తిరుగుతూ యల్లమంద ఇంటికి వెళ్ళాను. అప్పటిదాకా ఏదో వంకతో ఆ వీధి తప్పించుకుని తిరిగాను.

భోజనం వేళ అయింది. సీతారావమ్మ కూర్చోమని పీట వేసి జొన్న సంగటి పెట్టింది. పక్కన ఎండు అలసందల పులుసు.

"ఇవెక్కడివి?" అన్నాను.

"మా చేలోవేనండి. ఆ మరుసటేడు నుంచీ అరెకరం తిండికే వదిలేశాం. జొన్న, కంది, అలసంద. అందులో మందు చుక్క పడనివ్వను. కిందటేటివి ఇంకా రెండు కుండలున్నాయి."

ఆ వీధిలో మిగతా ఇళ్ళవాళ్ళు గింజలకి ఊళ్ళు పట్టి తిరుగుతున్నారు. కొందరు ఆమె దగ్గరే మానెడు, తవ్వెడు అడిగి పట్టుకెళ్తున్నారు. గుంటూరు హాల్లో నాగమణి అడిగిన ప్రశ్నకి సమాధానం ఆ వంటింట్లో మూత పెట్టి ఉంది. నేను ఏళ్ళ తరబడి దిగుబడి లెక్కలు రాశాను. కరువొస్తే ఎన్ని ఇళ్ళు నిలబడతాయన్న లెక్క ఎప్పుడూ రాయలేదు.

ముద్ద కంచంలోనే పెట్టి చెప్పేశాను. "యల్లమందా, ఆ రోజు పురుగులు వేలాడింది ఎండకి కాదు. నాగమణి కొట్టించిన ద్రావణానికి చస్తున్నాయి. నాకు తెలుసు. తెలిసే చీటీ రాశాను."

 యల్లమంద తలెత్తకుండానే అన్నాడు.

"ఎండకి పురుగు వేలాడదని నాకు మాత్రం తెలియదా సార్? పుట్టినకాడ్నించీ చేలోనే ఉన్నా. మీరు పెద్ద చదువు చదివినవాళ్ళు, రాశారు కదా అని కొట్టా."

సీతారావమ్మ గరిటె పక్కన పెట్టి, లేచి పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపటికి తిరిగి వచ్చి, "తినండి. తిండి మీద కోపం చూపించను" అంది. తిన్నాను. అంతకన్నా పెద్ద శిక్ష నాకు తర్వాత ఎవరూ వెయ్యలేదు. పై ఆఫీసుకి నిజం రాసిచ్చాను. వాళ్ళు వెయ్యాల్సిన శిక్ష వేశారు. అది న్యాయమే.

పొదిలిలో

నాగమణి డెల్టాలో రెండేళ్ళు చేసి, ఉద్యోగం మానేసి సొంత ఊరు వెళ్ళిపోయింది. పొదిలి చుట్టుపక్కల ఆడవాళ్ళని కూడగట్టి కొర్ర, జొన్న, కంది, అలసంద విత్తనాలు దాయించడం మొదలుపెట్టింది. నేను వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఒక స్కూలు వరండాలో నలభైమంది ఆడవాళ్ళు విత్తనాల కుండలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడ వాళ్ళ మధ్యలో కింద కూర్చుని ఉంది. తల కొంచెం నెరిసింది. ఆవిడ చెప్పడం లేదు, వింటోంది. క్షమాపణ అడగడానికి వెళ్ళిన నాకు, ఆ వరండా చూడగానే మళ్ళీ కళ్ళు కుట్టాయి. ఏం చెయ్యను, నిజం అది.

పక్కకి పిలిచి చెప్పాను. పూర్తిగా విన్నది.

"నాకు అప్పుడే తెలుసు సార్. నేనూ చేను చూసే వచ్చాను కదా."

"మరి విచారణలో చెప్పలేదేం?"

"చెప్పాను. మీరు లేనప్పుడు నన్ను విడిగా అడిగారు. ఆఫీసరు మాటా నా మాటా రెండూ వినీ, మీ మాట రాసుకున్నారు." చేతికంటిన విత్తనాల పొట్టు దులుపుకుని, "మీరు నాకు శత్రువు అవుతారని నేనెప్పుడూ అనుకోలేదు సార్. మీ దగ్గర నేర్చుకోవాలనే వచ్చాను. పురుగుని చూడగానే మీరు గుర్తుపట్టే పద్ధతి నాకు రాలేదు. దానికి మీమీద కుళ్ళుకునేదాన్ని" అంది.

 ఇన్నేళ్ళలో అది నాకు ఎవరూ చెప్పలేదు. ఒక్క మాట నన్ను అడిగి ఉంటే గంటలో నేర్పేవాణ్ణి. ఒక్క మాట ఆవిడని అడిగి ఉంటే నేనూ నేర్చుకునేవాణ్ణి.

"నాకు క్షమాపణ వద్దు సార్" అంది. "మీరు మీటింగులు పెడతారు కదా. ఈ కథ రైతులకి చెప్పండి. మీ పేరుతో సహా చెప్పండి. ఆఫీసరు రాసినా సరే, కంటితో చూసింది నమ్మమని చెప్పండి."

చెప్పడం

అప్పటికి కొత్త రకం పత్తి విత్తనం వచ్చింది. శనగపచ్చ పురుగు తగ్గింది. రైతులు ఊపిరి పీల్చుకున్నారు, ఆ మేరకు మంచిదే. కానీ ఆ ధైర్యంతో మిగిలిన కాస్త జొన్న చేలు కూడా పత్తి అయిపోయాయి. పురుగు పోయినంత మాత్రాన వంటింట్లోకి గింజ రాదు. రేపు మీరు ఏ మండలానికి వెళ్ళినా, కొత్త విత్తనం, కొత్త మందు, కొత్త యంత్రం ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. వద్దనకండి. కానీ ఆ ఇంట్లో ఈ ఏడు ఏం తింటారో అడిగాకే దాని సంగతి మాట్లాడండి.

మొదటి ఊళ్ళో నేను ఆ కథ కుర్చీలో కూర్చోకుండా నిలబడి చెప్పాను. చెప్పాక కొందరు లేచి వెళ్ళిపోయారు. రెండో ఊళ్ళో ఒక ముసలాయన, "ఇట్లాంటివాడివని ముందే తెలిస్తే నీకు కుర్చీ వేసేవాళ్ళం కాదు" అన్నాడు. మూడో ఊళ్ళో ఒకతను లేచి తన చేలో జరుగుతున్నదేదో అడిగాడు. చీటీ కోసం కాదు, ఇద్దరం కలిసి చూద్దాం రమ్మని. ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్ళకి నన్ను రైతు అట్లా పిలవడం అదే మొదటిసారి. రిటైరయ్యేదాకా చెబుతూనే ఉన్నాను.

ఆఖరి మీటింగు ఒక మిర్చి ఊళ్ళో జరిగింది. కథ అయిపోయాక ముందు వరసలో కూర్చున్న ఒకామె లేచింది. నన్నేదో అడుగుతుందని ముందుకి వంగాను.

"ఆ నాగమణి గారి ఫోన్ నంబరు ఇస్తారా సార్?" అంది.

చెప్పాను. ఆమె వెనక ఇంకో పదిమంది రాసుకున్నారు. అందరికీ అందేలా రెండోసారి నిదానంగా చెప్పాను. చెబుతున్నంతసేపూ లోపల మండుతూనే ఉంది. అది పోలేదు. అయినా ఒక్క అంకె కూడా తప్పు చెప్పలేదు.